ఓబులేసుకు ఎదురుగా నిలబడినవాడు

2008 ఏప్రిల్ 11, శుక్రవారం, ఉదయం ఆరున్నర. సౌదీ అరేబియాలోని రాబిగ్‌లో, మా క్యాంపు భోజనశాల బయట కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాను. మా బస్సు డ్రైవరు వచ్చి పక్కన నిలబడి, నేను కుళాయి కట్టేదాకా ఆగి, "సార్, నీ కాడ ఫోటోలు తీసే మిషనుందంట గదా. పది నిముసాలు పనుండాది," అన్నాడు. ఆ పది నిమిషాల పని ముగియడానికి ఏడాదికి పైగా పట్టింది. ఆయన పోయాడని గత నెలలో ఆయన అల్లుడు ఫోను చేసి చెప్పాడు. ఆ పని సంగతి మొదటి నుంచి చివరిదాకా చూసినవాళ్లలో నేను మిగిలాను కాబట్టి, చూసినంత మేరకు రాసి ఉంచడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. తన పేరు విషయంలో ఆయనే ఒక నిర్ణయం తీసుకున్నాడు. దాన్ని నేను మార్చదలచుకోలేదు.

అప్పుడు ఎర్రసముద్రం ఒడ్డున పెట్రోకెమికల్ కర్మాగారం కడుతున్నారు. పైపుల వెల్డింగు అతుకులను తనిఖీ చేసి, డ్రాయింగు పటంతో సరిపోల్చి, సరిగా ఉన్నాయని సంతకం పెట్టడం నా ఉద్యోగం. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేనే. అందుకేనేమో, ఏ కాగితమైనా రెండుసార్లు చదవనిదే సంతకం పెట్టేవాణ్ణి కాదు. ఆయనది కడప జిల్లాలో ఒక చిన్న పట్టణం. మా పల్లెకు అరవై కిలోమీటర్లు. నలుగురిలో నన్ను 'సార్' అనేవాడు, ఇద్దరమే ఉంటే 'అబ్బీ' అనేవాడు. నేను మొదటి వారం 'డ్రైవరు గారూ' అని, తరువాత మా జిల్లా అలవాటు ప్రకారం 'మామా' అనడం మొదలుపెట్టాను.

క్యాంపులో ఎనిమిది బస్సులుండేవి. ఆయన బస్సు కోసం మనుషులు వేరే బస్సులు వదులుకునేవారు. కారణం చిన్నది. వరుసలో ముందున్న మనిషి ఎక్కడ నిలబడి ఉంటే, బస్సు తలుపు సరిగ్గా అతని ముందుకు వచ్చి ఆగేది. ఒక అడుగు ఇటు కాదు, అటు కాదు. నేను ఒకరోజు కావాలని నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాను. తలుపు నా ముందే ఆగింది. లోపలికి ఎక్కుతుంటే ఆయన రోడ్డు వైపు చూస్తూనే, "పరీచ్చ పెడతాండావా సార్? నువ్వు కదలాకు. వాకిలే నీ కాడికి రావాల," అన్నాడు.

వాలీబాల్ ఆడేవాళ్లలో బంతిని వల పైకి అందించేవాణ్ణి లిఫ్టర్ అంటారు, దాన్ని ఎగిరి కొట్టేవాణ్ణి స్మాషర్ అంటారు. ఆయన ఇరవై ఏళ్లు లిఫ్టర్. ఆ ఇరవై ఏళ్లూ ఆయన బంతి అందించింది ఒక్క మనిషికి. ఆ మనిషి పేరు ఓబులేసు. రాష్ట్ర జట్టుకు ఆడిన మా జిల్లా ఆటగాడు. ఓబులేసు ఆట చూడడానికి పక్క ఊళ్ల నుంచి ట్రాక్టర్లలో వచ్చేవారని మా నాన్న కూడా చెప్పేవాడు. ఆయనతో ఆడిన లిఫ్టర్ ఎవరో మా నాన్నకు తెలియదు.

లిఫ్టర్ పని ఆయన వేళ్లలో ఉండిపోయింది. స్టీరింగును అరచేతితో పట్టుకునేవాడు కాదు, వేళ్ల కొసలతో పట్టుకునేవాడు. టీ గ్లాసును పది వేళ్లతో ఎత్తేవాడు. రోజూ పడుకోబోయే ముందు వేళ్లకు కొబ్బరినూనె రాసుకునేవాడు. ఈ వయసులో ఎందుకు మామా అని అడిగితే, "అలవాటు అబ్బీ. వేలు మొద్దుబారితే మనిషి మొద్దుబారినట్టే," అనేవాడు. ఇంకొక అలవాటు కొంచెం విచిత్రమైనది. క్యాంపు మైదానంలో సాయంత్రాలు ఆట జరుగుతుంటే ఆయన కూర్చుని చూసేవాడు గాని, బంతి ఎక్కడ పడిందో చూసేవాడు కాదు. అందరి తలలూ బంతితో పాటు తిరిగితే ఆయన తల కొట్టినవాడి మీదే ఉండేది.

"పాయింటు వచ్చిందా రాలేదా చూడొద్దా?"

"బాల్ నా చెయ్యి వదిలినాక నాకేం పని దాంతో? వాని మొగం చూస్తే తెలుస్తాది. బాగా అందిచ్చింటే మొగంలో తెలుస్తాది."

ప్రతి శుక్రవారం మధ్యాహ్నపు నమాజు అయ్యాక ఆయన ఒక బస్సు నిండా మమ్మల్ని జెద్దాకు తీసుకుపోయేవాడు. అందరూ బలద్ బజారులో దిగిపోతే, ఆయన నన్నొక్కణ్ణి కూర్చోబెట్టుకుని సముద్రం వెంట ఉన్న శిల్పాల దగ్గర ఆపేవాడు. 2008 జనవరిలో మొదలైంది ఈ అలవాటు. జెద్దా రోడ్ల మీద ఎన్నో శిల్పాలున్నాయి. వంగిన ఇనుప రేకులు, పడవలు, దీపాలు, ఇల్లంత సైకిలు. ఒక్కోదాని దిమ్మె చుట్టూ ఆయన తిరిగి, అడుగున తట్టి చూసి, మళ్లీ బస్సెక్కేవాడు. ఒకరోజు ఆ సైకిలు దగ్గర నిలబడి, "చూసినావా, సైకిలుండాది, తొక్కేటోడు లేడు. ఈడ మనిషిని వదిలిపెట్టి మిగతాయన్నీ పెట్టినారు," అన్నాడు.

"మన దీన్‌లో మనిషి బొమ్మ చేయకూడదు కదా మామా," అన్నాను, ఇద్దరం ముస్లింలమే కాబట్టి.

"మన దీన్ అని నాకు చెప్తాండావా నువ్వు?" అని నవ్వాడు. తరువాత నవ్వు ఆపి, ఎగురుతున్న మనిషిని నిలబెట్టాలంటే బరువు ఎక్కడ ఆనించాలి అని అడిగాడు. ఇంజనీరును కాబట్టి జవాబు చెప్పాను. ఒక కాలి మునివేళ్లు దిమ్మెకు తగిలి ఉండాలి, లోపల ఇనుప కమ్మీ ఉండాలి, లేదా పక్కన ఉన్న వలనే గోడలా పోసి దానికి ఆనించాలి. ఆయన "వల" అన్న మాటను రెండుసార్లు అనుకున్నాడు. అప్పుడు గాని ఆయన సంగతి చెప్పలేదు.

ఓబులేసు అంతకు ముందు సంవత్సరం పోయాడు. ఊళ్లో ఆయన విగ్రహం పెట్టాలని కమిటీ ఏర్పడింది. దానికి పెద్ద, హైస్కూలులో పనిచేసి రిటైరైన డ్రిల్లు అయ్యవారు. బస్సులు ఆగే కూడలిలో స్థలం దొరికింది. కోస్తా జిల్లాలో శిల్పి కుదిరాడు. ఆ శిల్పి మొహానికి ఒక ఫోటో, ఒంటికి ఒక ఫోటో అడిగాడు. మొహానికి పాస్‌పోర్టు సైజు ఫోటో ఉంది. ఒంటికి ఏమీ లేదు. ఉన్న ఒక్క జట్టు ఫోటోలో ఓబులేసు చాప మీద కాళ్లు మడుచుకుని కూర్చుని ఉన్నాడు. ఫోటో ఇవ్వకపోతే తన దగ్గరున్న నాయకుల అచ్చులోనే పోసి, చంకలో బంతి పెడతానన్నాడు శిల్పి. కమిటీలో మిగతా అందరూ కుర్రవాళ్లు. ఓబులేసు ఆడగా చూసినవాళ్లు లేరు. డ్రిల్లు అయ్యవారు ఆ ఊరికి బదిలీ మీద వచ్చేనాటికే ఓబులేసు ఆట మానేశాడు. అందుకని రాబిగ్‌కు ఫోను చేశారు.

"బాల్ చంకలో పెట్టుకోని నిలబడేటోడు రెఫిరీ," అన్నాడు ఆయన. అంత కోపంగా మాట్లాడగా అంతకు ముందు వినలేదు. "నా కండ్లలో ఉండాడు అబ్బీ వాడు. కండ్లు మూస్తే లేస్తాడు. ఎట్ల చెప్పేది ఫోనులో?"

ఏప్రిల్ 11 ఉదయం నా కెమెరా అడిగింది అందుకే.

ఎండ ఎక్కకముందే మైదానానికి పోయాం. ఆయన చెప్పులు విడిచాడు. ఓబులేసు ఎప్పుడూ ఉత్తకాళ్లతోనే ఆడేవాడట. పరిగెత్తి వచ్చి ఎగిరాడు. యాభై నాలుగేళ్ల మనిషి. అర అడుగు లేచాడు. నా కెమెరా ఆ కాలపు కెమెరా. మీట నొక్కిన అర క్షణానికి గాని బొమ్మ పడేది కాదు. ఐదుసార్లు ఎగిరితే ఐదు ఫోటోల్లోనూ నేల మీద వంగి ఉన్న మనిషే పడ్డాడు. ఈలోగా మంచెలు కట్టే పనిలో ఉన్న కరీంనగర్ మల్లయ్య పళ్లు తోముకుంటూ వచ్చి చూశాడు. అతను మా క్యాంపు జట్టులో స్మాషర్.

"ఏందే చాచా, పొద్దుగాల్నే కప్పలెక్క దుంకుతున్నవ్?"

"నోర్మూసుకోని ఆ చెక్క చక్రం దొర్లిచ్చుకోని రా పో," అన్నాడు ఆయన.

కేబుల్ చుట్టి వచ్చే పెద్ద చెక్క చక్రాన్ని మల్లయ్య దొర్లించుకొచ్చి పడుకోబెట్టాడు. ఆయన దాని మీదకెక్కి ఒంటికాలి మునివేళ్ల మీద నిలబడ్డాడు. పడిపోకుండా మల్లయ్య వెనక నుంచి నడుము బెల్టు పట్టుకున్నాడు. ఆయన కళ్లు మూసుకున్నాడు. తరువాత మోకాలు మడిచాడు, నడుము మెలితిప్పాడు, ఒక చేయి ముందుకు చాచి రెండో చేయి చెవి వెనక్కి విల్లులా లాగాడు. మెడ కొంచెం పక్కకు వాలింది. పెదవులు బిగిశాయి. నేను ఓబులేసును ఎన్నడూ చూడలేదు. కాని బస్సు నడిపే మనిషి అక్కడ లేడని మాత్రం నాకు తెలిసింది. పదకొండు ఫోటోలు తీశాను. ఆ సాయంత్రం బజారులోని ఇంటర్నెట్ సెంటరు నుంచి పంపించాను. పంపే ముందు, అలవాటు ప్రకారం, ఒక్కో ఫోటో రెండుసార్లు చూశాను. మసకగా ఉన్నవి రెండు తీసేశాను. అంతకు మించి అడగవలసినదేదీ నాకు తట్టలేదు.

జూన్‌లో డ్రిల్లు అయ్యవారు ఫోను చేసి, దిమ్మెకు తాపే రాతిపలక మీది వాక్యాలు చదివి వినిపించాడు. చివరి వరుసలో ఈయన పేరుంది. 'ఓబులేసు గారి ఆటతీరును చూపి సహకరించిన సహ క్రీడాకారుడు' అని. ఆయన ఆ ఫోనును నా చెవికి పెట్టి, మళ్లీ చదవమన్నాడు. ఆ వారమంతా బస్సు తలుపు దగ్గర ఒక్కొక్కరికీ సలాం చెప్పాడు. ఇరవై ఏళ్ల ఆటలో ఆయన పేరు ఎక్కడా అచ్చుకాలేదు. పత్రికలవాళ్లు కొట్టినవాడి పేరు రాస్తారు గాని అందించినవాడి పేరు రాయరని నాకు అప్పుడే తెలిసింది. ఆగస్టులో ఆవిష్కరణ. సెలవు దొరకలేదు. ఫోటోలు వస్తే చాలన్నాడు.

ఆవిష్కరణకు పన్నెండు రోజుల ముందు విగ్రహం ఫోటో వచ్చింది. ఆఫీసు ప్రింటరులో పెద్ద కాగితం మీద రంగుల్లో తీసి, మరునాడు పొద్దున బస్సులో ఇచ్చాను. చక్కగా వచ్చింది. మునివేళ్లు దిమ్మెకు ఆనాయి. వలను సిమెంటు జాలీలా పోసి మోచేతిని దానికి ఆనించాడు శిల్పి. ఒంటికి బంగారు రంగు వేశాడు. ఆయన చాలాసేపు చూసి, "బాగుండాది," అన్నాడు. ఆ మాట అన్న తీరులో నాకు సంతోషం కనిపించలేదు. కాగితాన్ని స్టీరింగు ముందు అద్దానికి ఆనించి నిలబెట్టి బండి తీశాడు.

నాలుగు రోజులు అలాగే నడిపాడు. ఐదో రోజు సైటు గేటు దగ్గర అందరూ దిగాక, నన్ను చొక్కా పట్టుకుని ఆపాడు.

"కూచో అబ్బీ. ఈడ కూచో, నా సీట్లో." కాగితాన్ని తీసి తన గుండెల మీద పట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. "ఇప్పుడు పైన అద్దంలో చూడు."

డ్రైవరు తల పైన ఉండే అద్దంలో చూశాను. విగ్రహం కనిపించింది.

"అద్దంలో ఉండాడు చూడు, వాడు ఓబులేసు. కాయితంలో ఉండేటోడు కాదు."

నాకు అర్థం కాలేదు. ఆయన లేచి వచ్చి నా ముందు నిలబడి, తన కుడి చేయి ఎత్తాడు. "నేను వానికి ఎదురుగా నిలబడేటోన్ని. ఇరవై ఏండ్లు. వాడు లేస్తే ఆ చెయ్యి నాకు ఈ పక్క లేసేది. కండ్లు మూసుకుంటే నాకు ఈ పక్కనే కనపడింది. నేను ఈ చెయ్యి ఎత్తినా." చేయి దించాడు. "వానిది ఎడంచెయ్యి అబ్బీ. బువ్వ తినేది, రాసేది కుడి చేత్తో. అయ్యవార్లు కొట్టి మార్పించినారు. బాల్ మటుకు ఎడంచెయ్యి. అందుకే గదా ఎవురికీ అందేటోడు కాదు."

ఏ చేయి అని ఆ రోజు నేను అడగలేదు. ప్రతి అతుకునూ పటంతో సరిపోల్చేవాణ్ణి, ఒక మనిషిని ఫోటో తీస్తూ ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. అయినా ఆ క్షణంలో నేను చెప్పింది పశ్చాత్తాపం మాట కాదు. వదిలేయమన్నాను. ఊళ్లో ఎవరికీ గుర్తు లేదు, శిల్పి పని ముగించాడు, వారంలో ఆవిష్కరణ, పలక మీద నీ పేరుంది, ఇప్పుడు చెబితే తప్పు నీదే అంటారు అని ఒక్కొక్కటిగా చెప్పాను.

"తప్పు నాదే గదా," అన్నాడు ఆయన.

"కుడిచేయి అయినంత మాత్రాన ఏమవుతుంది మామా? మనిషి అతనే కదా?"

"కుడిచేత్తో కొట్టేటోళ్లు జిల్లాలో రెండువందల మంది ఉండారు. వాళ్లందరికీ బొమ్మలు పెట్టమను."

ఆ సాయంత్రం నా గదిలో నుంచే ఫోను కార్డుతో మాట్లాడాడు. స్పీకరు పెట్టాడు కాబట్టి రెండు వైపులా విన్నాను. డ్రిల్లు అయ్యవారిది పెద్ద గొంతు.

"ఇప్పుడు చెప్తాండావా సాయిబూ? బొమ్మ లారీ ఎక్కింది."

"దించండయ్యవారూ."

"దించి? చెయ్యి కోసి ఆ పక్క అతికిచ్చల్లనా?"

"చెయ్యొక్కటి మారిస్తే కాదు. నడుము తిరిగింది, కాలు తిరిగింది. అంతా ఆ పక్కకు పోవాల."

"ఎమ్మెల్యే డేటిచ్చినాడు. నీకు తెలుసునా అదెంత కష్టమో? ఊర్లో యా నాకొడుకుకూ గుర్తు లేదు అది యా చెయ్యో."

"నాకుండాది."

తరువాత డ్రిల్లు అయ్యవారు గొంతు తగ్గించి, "రేయ్, నీ పేరేసినాం రా పలక మీద. నీ మనవళ్లు చూసుకుంటారు. ఎందుకు రచ్చ చేస్తావు?" అన్నాడు.

ఆయన గోడ వైపు చూశాడు. ఆ పేరు ఆయనకు ఎంత కావాలో నాకు తెలుసు. ఫోను నా చెవికి పెట్టి రెండోసారి చదివించుకున్న మనిషి.

"బొమ్మ మార్చకపోతే నా పేరు తీసేయండయ్యవారూ. ఆ బొమ్మ కింద నా పేరుంటే, ఇదే ఓబులేసని నేను సాచ్చికం చెప్పినట్టు. నేను చెప్పలేను."

"తీసేస్తాం పో," అని అయ్యవారు ఫోను పెట్టేశాడు.

పేరు తీసేశారు. ఉలితో చెక్కి, ఆ వరుస మీద సిమెంటు పూశారు. ఆగస్టులో ఎమ్మెల్యే వచ్చి ముసుగు తొలగించాడు. కుడిచేయి ఎత్తిన ఓబులేసు కూడలిలో నిలబడ్డాడు. ఆ శుక్రవారం ఆయన జెద్దాకు బస్సు తీసుకుపోయాడు గాని శిల్పాల దగ్గర ఆపలేదు. బలద్‌లో బండి పెట్టి, మేము తిరిగి వచ్చేదాకా సీట్లోనే కూర్చున్నాడు. అటు తరువాత రెండు నెలలు ఆయన క్యాంపు మైదానం వైపు రాలేదు. మల్లయ్య ఒకసారి, "చాచా, నువ్వు లేకుంటే మాకు తిట్టేటోడు లేడే," అని పిలిచాడు. "కాలు నొప్పి," అన్నాడు.

నవంబరులో డ్రిల్లు అయ్యవారే ఫోను చేశాడు. కోపం చల్లారాక ఆయనకు అనుమానం పట్టుకుందట. పక్క ఊళ్లకు పోయి, ఓబులేసుకు ఎదురు జట్లలో ఆడి, వల దగ్గర అడ్డంగా చేతులెత్తినవాళ్లను ఇద్దరిని పట్టుకున్నాడు. ఇద్దరూ ముసలివాళ్లే. విడివిడిగా అడిగాడు. ఇద్దరూ తడుముకోకుండా ఎడమచేయి అన్నారు. ఒకాయన తన వంకరపోయిన చిటికెనవేలు చూపించాడట.

"వాళ్లకుంటాది గుర్తు," అన్నాడు మామ. "దెబ్బ పడింది వాళ్లకు గదా."

కూడలిలో విగ్రహాన్ని కదిలించడానికి ఎమ్మెల్యే మనుషులు ఒప్పుకోరు. హైస్కూలు మైదానంలో పాత ఆటగాళ్లు కలిసి ఇంకొకటి పెట్టుకుంటామన్నారు. మళ్లీ ఫోటో కావాలి. ఆయన ఈసారి చెక్క చక్రం ఎక్కనన్నాడు.

"నేను వాడయ్యేది కాదు అబ్బీ. నేను నా జాగాలో నిలబడాల. అప్పుడే వాడు కనపడతాడు."

వల కట్టించాడు. తాను లిఫ్టర్ నిలబడే చోట నిలబడ్డాడు. మల్లయ్యను చక్రం మీదకు ఎక్కించి, బెల్టు నన్ను పట్టుకోమని, కెమెరాను ఇంకొకరికి ఇప్పించాడు. తరువాత గంటన్నర సేపు మల్లయ్యను దిద్దాడు.

"ఎడం చెయ్యి. ఎడం చెయ్యిరా, నీ బువ్వ చెయ్యి కాదు. మెడ వాల్చు. అంత కాదు, నీకేమన్నా మెడ పట్టిందా? పెదవి బిగబట్టు. నా మొగం చూడాకు, బాల్ చూడు. ఆ, కదలాకు. కదలాకు."

"ఓ చాచా, కాలు గుంజుతుందే."

"గుంజనీ. వాడు ఇరవై ఏండ్లు ఎగిరినాడు, నువ్వు ఇరవై నిముసాలు నిలబడు."

ఒక దశలో మల్లయ్య ఎడమచేయి వెనక్కి పోయి, నడుము తిరిగి, మెడ వాలింది. ఆయన మాట్లాడడం ఆపేశాడు. రెండు చేతులూ నుదుటి పైకి ఎత్తి, పది వేళ్లు విప్పి, లేని బంతిని పైకి అందించాడు. ఫోటో తీసినవాడు అది తీయలేదు. మల్లయ్య మీదే పెట్టి తీశాడు, మేము చెప్పింది అదే కాబట్టి. కిందకు దిగాక మల్లయ్య తొడ రుద్దుకుంటూ, "నేను కరీంనగరోన్ని. కడపల బొమ్మనైతున్న. మా అయ్యకు చెప్తె నమ్మడు," అన్నాడు. ఈసారి పంపే ముందు, ఏ చేయి, ఏ కాలు, ఏ వైపు నుంచి తీసిన ఫోటో అన్నది ప్రతిదాని కింద రాశాను. ఆయనతో చదివించి, ఆయన సరే అన్నాకే పంపాను.

2009 జూన్‌లో సెలవు మీద వెళ్లినప్పుడు ఆ ఊరికి పోయాను. నాకు వారం ముందే ఆజ్ఞలిచ్చాడు. ముందు బడి కాడికి పో, తర్వాత కూడలికి పో, వరస మార్చాకు అని. మైదానంలో వేపచెట్ల పక్కన ఎడమచేతి ఓబులేసు ఉన్నాడు. కూడలిలోదానికన్నా చిన్నది. బంగారు రంగు లేదు, ఉత్త సిమెంటు. పిల్లలు వెనక్కి లాగిన ఆ చేతికి భోజనం సంచులు తగిలించి ఆడుకుంటున్నారు. అక్కడి నుంచే ఫోను చేశాను.

"యా కాలు ఆనింది?"

"కుడికాలు."

"మెడ?"

"కొంచెం వాలింది."

"యా పక్కకు?"

చెప్పాను.

"నువ్విప్పుడు యాడ నిలబడుండావు? వానికి ఎదురుగానేనా?"

"ఎదురుగానే మామా."

"ఆ చెయ్యి నీకు యా పక్క ఉండాది?"

"కుడిపక్క."

"బస్," అని ఫోను పెట్టేశాడు.

కూడలి విగ్రహానికి దండలు వాడి ఉన్నాయి. పలక మీద చివరి వరుసలో సిమెంటు పూత అలాగే ఉంది. ఒక సంగతి మాత్రం ఫోటోలో నేను గమనించలేదు. ఒంటి కొలతలు నేను తీసిన ఫోటోల నుంచి తీసుకున్నవి కాబట్టి, పొట్టి మెడ, కొంచెం ముందుకు వంగిన భుజాలు, చాచిన చేతి వేళ్లు విడివిడిగా విప్పుకున్న తీరు, అన్నీ మా మామవే. మొహం ఒక్కటే ఓబులేసుది. ఈ సంగతి ఆయనకు ఫోనులో చెప్పలేదు. రాబిగ్ తిరిగి వచ్చాక చెప్పాను. ఆయన గట్టిగా నవ్వాడు. అంతసేపు నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ సంవత్సరం చివర ఆయన ఫైనల్ ఎగ్జిట్ వీసా తీసుకుని, సౌదీ ఉద్యోగం ముగించుకుని ఊరికి వెళ్లిపోయాడు. కొత్త డ్రైవరు మంచివాడే. బస్సు ఎక్కడ ఆగితే అక్కడికి మేము నడిచేవాళ్లం.

ఊళ్లో ఆయన సాయంత్రాలు బడి మైదానానికి పోయి, పిల్లలకు బంతి అందించడం నేర్పేవాడని అల్లుడు చెప్పాడు. పొద్దున పూట కూడలిలో టీ తాగేవాడట. విగ్రహం ఎవరిదని కొత్తవాళ్లు అడిగితే, "మొగం ఓబులేసుది, మిగతాదంతా నేను. ఓబులేసును చూడల్లంటే బడి కాడికి పో," అని వేలెత్తి చూపేవాడట. టీ అంగడివాళ్లు మొదట నవ్వారు. తరువాత వాళ్లూ అలాగే చెప్పడం మొదలుపెట్టారు. ఆటోలవాళ్లు వాళ్ల దగ్గర విన్నారు.

గత నెల ఆయన ఇంటికి వెళ్లడానికి కడపలో బస్సెక్కి, కూడలికి టికెట్టు అడిగాను. ఏ కూడలి అన్నాడు కండక్టరు. ఓబులేసు విగ్రహం అన్నాను. అది బడి దగ్గర కదా, అక్కడ బస్సు ఆగదు, దానికి ముందు స్టాపులో దిగి నడవాలి అని చెప్పి టికెట్టు కొట్టాడు. ఊరు వచ్చినప్పుడు తలుపు దగ్గర నిలబడి ఆ స్టాపు పేరు కేకవేశాడు. నేను దిగింది ఆ కూడలిలోనే. పలక మీద పేరు నేటికీ ఓబులేసుదే, కింది వరుస మీద సిమెంటు నేటికీ ఉంది. బస్సులవాళ్లు మాత్రం ఇప్పుడు ఆ చోటును లిఫ్టర్ బొమ్మ అంటున్నారు.